కటలాను ద్వీపభాషలు: అల్కొవేరు, మోల్ గార్ల కృషి

నిఘంటువు కూర్పబూనిన ప్రతివాడును మొట్టమొదట తేల్చుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు. ఎవరి పలుకు భాష? అచ్చుకూటములును కళాశాలలును గల పట్టణమువారి పలుకా? గానుగ త్రిప్పువాడును, పడవ నడుపువాడును, మనుమని నిద్రపుచ్చు ముసలమ్మయు పలుకు పలుకా? రెండును భాషయే యని నోట ననుట సులభము. పుటలపై నిలుపుట కష్టము. స్పెయిను దేశమునకు తూర్పున మధ్యధరా సముద్రమున నున్న బలెయారు దీవులలో ఈ ప్రశ్న నూఱేండ్లకు పైబడి నలుగుచున్నది. దానికి సమాధానమనదగిన గ్రంథములు రెండు వెలసినవి. ఒకటి ఆంతోని మరియా అల్కొవేరు గారి మయోర్కా కథల సంపుటి. రెండవది ఆయనయు, ఫ్రాన్సెస్క్ దె బొర్జా మోల్ గారును కూర్చిన పది సంపుటముల కటలాను-వలెన్సియా-బలెయారు నిఘంటువు. వీనిని గూర్చి మా యభిప్రాయమును పాఠకుల ముందుంచదలచితిమి. ఆ దీవుల పలుకెట్టిదో తెలియనిదే ఈ గ్రంథముల గుణదోషములు తెలియవు గనుక ముందుగా దానినే చెప్పెదము.

కటలాను స్పానిషునకు మాండలికమని మనలో పలువురు తలతురు. అది సరికాదు. ఫ్రెంచి, ఇటాలియను, స్పానిషు భాషలవలెనే అదియు లాటినునకు నేరుగా పుట్టిన బిడ్డ. బార్సెలోనా రాజధానిగా గల కటలోనియాలోను, దానికి దక్షిణమున వలెన్సియాలోను, అండోర్రా యను చిన్న రాజ్యములోను, ఫ్రాన్సు దక్షిణపు కొసనున్న రూసియోను సీమలోను, బలెయారు దీవులలోను, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో అల్గేరు అను నొక్క పట్టణములోను దానిని పలుకుదురు. దీవులకు ఈ భాష ఓడలమీద వచ్చినది. ఆరగాన్ రాజు మొదటి జౌమె 1229లో మయోర్కాను అరబ్బులనుండి గెలిచెను. 1235లో ఇబీజా, 1287లో మెనోర్కా గెలువబడినవి. గెలిచిన నేలలో కాపురముండుటకు వచ్చినవారు ముఖ్యముగా తూర్పు కటలోనియావారు. వారు తెచ్చిన పలుకును ప్రధానభూమి కాలక్రమమున కొంత మార్చుకొనెను. దీవులు కొన్నిచోట్ల మార్చుకొనలేదు. నడుమ సముద్రముండుటచే మార్పు యిటనుండి యటకు ఆలస్యముగా పోవును, ఒక్కొక్కప్పుడు పోనేపోదు.

అన్నిటికంటె ముందుగా చెవికి తగులునది ఉపపదము, అనగా ఇంగ్లీషున 'ది' వంటి మాట. సంస్కృతమునకును తెలుగునకును ఇట్టిది లేదు. ఐరోపాలో లాటిను సంతతి భాషలన్నియు దాదాపుగా 'ఇల్లె' (ఆ) అను సర్వనామమునుండి దీనిని చేసికొన్నవి. ఫ్రెంచి 'ల', స్పానిషు 'ఎల్', ఇటాలియను 'ఇల్' అన్నియు అటు వచ్చినవే. దీవులవారు మాత్రము 'ఇప్సె' (తానే) అను మఱియొక సర్వనామమునుండి వచ్చిన 'ఎస్', 'సా' అను రూపములను వాడుదురు. రొట్టె 'ఎస్ పా'. ఇల్లు 'సా కాసా'. ఇండ్లు 'సెస్ కాసెస్'. అచ్చు పరమైనచో 'సా' లోని అకారము లోపించి 'స్' మాత్రము మిగులును. గుడి 'సెగ్లేజియా' యగును. మన సంధుల కలవాటుపడిన వారికి ఇది వింతగాదు. అచ్చుతో మొదలగు పుంలింగ బహువచనమునకు 'ఎట్స్' అనియు, 'తో' అను నర్థమిచ్చు 'అంబ్' తరువాత పుంలింగమున 'సో' అనియు మఱి రెండు రూపములున్నవి. సంస్కృతము చదివిన మిత్రుడొకరు 'సా దోనా' అను మాటను విని, ఇది 'సా స్త్రీ' కదా యని సంతోషించిరి. ఆ సంతోషమునకు భంగము కలిగించుటకు విచారించుచున్నాము. చెవికి తోచిన సామ్యముతోనే భాషాచరిత్ర కట్టరాదు. ఈ 'సా' లాటిను 'ఇప్సా' యొక్క తోక.

దీనిలో మిక్కిలి రసవత్తరమైన సంగతి వేఱొకటి యున్నది. దీవులవారు 'ఎల్', 'లా' అను రూపములను ఎఱుగనివారు కారు. కొన్ని మాటలకు వానినే వాడుదురు. రాజు 'ఎల్ రేయ్', బిషప్పు 'ఎల్ బిస్బే', ఆకాశము 'ఎల్ సెల్', సముద్రము 'లా మార్'. గడియారము చెప్పునపుడు ఒంటిగంట 'లా ఊనా'. మయోర్కా రాజధానియగు పాల్మాలోని ప్రధాన దేవాలయము 'లా సేవు'. గుడి కట్టడము 'సెగ్లేజియా' యైనను, క్రైస్తవ మతసంస్థ యని చెప్పదలచినపుడు 'లెగ్లేజియా' యగును. కావున ఒక్క యక్షరముతో గోడలకును గౌరవమునకును భేదము తెలియుచున్నది. లోకమున ఒక్కటిగా నుండువానికి 'ఎల్' అని సూత్రము చేయబోయిన వ్యాకర్తకు సూర్యచంద్రులు అడ్డుతగులుదురు. వారు 'ఎస్ సోల్', 'సా ల్యూనా' యే! రాజునకు దక్కిన మర్యాద సూర్యునకు దక్కలేదు. ఇట్టిచోట సూత్రముకంటె వాడుకయే బలీయమని యొప్పుకొని ముందునకు పోవుటయే వ్యాకర్తకు మేలు.

ఈ 'ఎస్', 'సా' లు దీవులవారి వికారములని బార్సెలోనాలో పరిహసించువారుండిరి. వారు తమ ఊళ్ల పేర్లను చదువుకొనలేదని చెప్పవలెను. బార్సెలోనా పొలిమేరలోనే 'సాంత్ జుస్త్ దెస్వెర్న్', 'సాంత్ జోవాన్ దెస్పీ' యను నూళ్లున్నవి. ఆ 'దెస్' లో దాగియున్నది ఈ 'ఎస్' యే. ఒకప్పుడు ప్రధానభూమిలో తూర్పు భాగమంతయు ఇట్లే పలికెను, పిమ్మట విడిచెను. కోస్తాలో కదకేస్ వంటి చోట ముసలివారి నోట అది ఇటీవలివరకు నిలిచెను. దీనికి విపరీతముగా మయోర్కాలోనే పొల్యెన్సా యను నూరు 'ఎల్', 'లా' లనే పలుకును. కావున దీవి యనగా 'సా', భూమి యనగా 'లా' యను విభాగము అంత సరళమైనది కాదు.

క్రియలలో దీవులవారి ప్రాచీనత మఱియు స్పష్టము. 'నేను పాడుచున్నాను' అనుటకు బార్సెలోనావారు 'కాంతు' అందురు, వలెన్సియావారు 'కాంతె' అందురు, రూసియోనువారు 'కాంతి' అందురు. ఒక్కొక్కరు ఒక్కొక్క అచ్చును చివర అతికించుకొనిరి. దీవులవారు ఏమియు అతికింపక 'కాంత్' అందురు. మధ్యయుగ కటలాను గ్రంథములందలి రూపమిదియే. 'మేము పాడుదుము', 'మీరు పాడుదురు' అనుటకు దీవులలో 'కంతామ్', 'కంతావు'. ఇవి లాటిను 'కంతామూస్', 'కంతాతిస్' లలోని అకారమును విడువలేదు. బార్సెలోనా 'కంతెమ్', 'కంతెవు' అని ఎకారమునకు మరలెను.

ధ్వనులను గూర్చి ఒకటి రెండు మాటలు చాలును. బార్సెలోనాలో బ, వ లు రెండును ఒక్కటైపోయినవి. దీవులలో వేఱుగా నిలిచినవి. మయోర్కా, పడమటి మెనోర్కాలలో ఊతపడిన చోటను గూడ 'అ'కును 'ఎ'కును నడిమిదైన అస్పష్టస్వరము వినబడును. 'సెబా' (ఉల్లిగడ్డ) మొదటి అక్షరము అట్టిది. మాకు ఎక్కువ ముచ్చటైనది మఱియొకటి. గడ్డి యను నర్థముగల 'పాల్య', గుఱ్ఱము అను నర్థముగల 'కవాల్య్' అను మాటలను ప్రధానభూమివారు ఒక్కటే ల్యకారముతో పలుకుదురు, ఒక్క విధముగనే వ్రాయుదురు. లాటినులో మొదటిది 'పాలెయా', రెండవది 'కబాల్లుస్', హల్లులు వేఱు. మయోర్కా పల్లెవాడు మొదటిదానిని 'పాయ' యనును, రెండవదానిని 'కవాల్య్' అనియే యనును. లాటినులోని భేదమును అక్షరము రానివాని నాలుక ఇన్ని శతాబ్దములు మోసికొనివచ్చినది. మన ర, ఱ ల భేదము నోట నశించి వ్రాతలో నిలిచెను. అక్కడ వ్రాతలో లేనిది నోట నిలిచెను.

అయితే ఇది చూపి, దీవులదే శుద్ధమైన ప్రాచీనభాష, తక్కినది భ్రష్టమనుటయు తగదు. 'పాల్య' 'పాయ' యగుట కూడ మార్పే కదా. మయోర్కాలో కకారము పలుతావుల తాలవ్యమై వినబడుట ప్రాచీనము కాదు. ఏ పలుకును కొన్నిటిని కాచును, కొన్నిటిని మార్చును. మెనోర్కా దీనికి మంచి యుదాహరణము. పదునెనిమిదవ శతాబ్దములో ఆ దీవి చాలకాలము ఆంగ్లేయుల చేతిలో నుండి, 1802లో తుదిసారిగా స్పెయినునకు చేరెను. వారు వెడలిపోయిరి, వారి మాటలు కొన్ని ఇండ్లలో నుండిపోయినవి. వీధివైపు ముందునకు పొడుచుకొనివచ్చిన కిటికీ అక్కడ 'బొయిందెర్'; మాంసపు పులుసు 'గ్రేవి'; సుద్దముక్క 'షొక్'. మన 'బెంచీ', 'లాంతరు' లవలె ఇవియు పరాయివని ఇప్పుడెవరికిని తోచదు. మఱియొక విశేషము. స్పెయిను రాజు 1715, 1716 సంవత్సరముల శాసనములచే మయోర్కాలోను కటలోనియాలోను ప్రభుత్వ కార్యములనుండి కటలానును తొలగింపజొచ్చెను. ఆంగ్లేయుల యేలుబడిలో నున్న మెనోర్కాకు ఆ శాసనము సోకలేదు. జోవాన్ రామిస్ 1769లో 'లుక్రేసియా' యను విషాదాంత నాటకమును కటలానులో వ్రాసినది ఆ దీవియందే. మాతృభాష పరాయిదొరల నీడన బ్రతికినదనుట విడ్డూరమే, కాని నిజము.

సార్డీనియాలోని అల్గేరును గూర్చి ఇక్కడ ఎక్కువ చెప్పుటకు తావు లేదు. 1354లో ఆరగాన్ రాజు పేరె దానిని పట్టి, కటలాను జనులను నిలిపెను. సార్డీనియా 1720లో సవోయ్ వంశమువారి పాలయ్యెను. ఆ పట్టణము తన పలుకును పెద్ద బంధువులకు దూరమై పెంచుకొనెను. అచట రెండచ్చుల నడిమి ద, ల లు రేఫగా మాఱును. బడి 'ఎస్కోలా' కాక 'ఎస్కోరా' యగును. 1888లో ఎడువార్డ్ తోదా గ్రంథము వ్రాసి ఈ తప్పిపోయిన పిల్లను కటలోనియావారికి జ్ఞాపకము చేసెను. 1999లో ఇటలీ ప్రభుత్వము చారిత్రక అల్పసంఖ్యాక భాషలను రక్షించు శాసనమున కటలానును చేర్చెను.

ఇక గ్రంథములకు వత్తము. అల్కొవేరు గారు మయోర్కాలోని మనకోర్ ప్రాంతమున 1862లో పుట్టిరి, క్రైస్తవ గురువు. పల్లెలలో కథలు విని సేకరించి 1896లో మొదటి సంపుటమును వెలువరించిరి. తన పేరు పెట్టక 'జోర్ది దెస్ రకో' యను మాఱుపేరు పెట్టిరి. ఆ పేరులోనే 'దెస్' ఉన్నది చూడుడు. పుస్తకమునకు ముఖద్వారముననే దీవి ఉపపదము నిలిచినది. లోపల కథయంతయు అదే పలుకు. అంతకుముందు మయోర్కావారు కావ్యము వ్రాసినచో, పదుమూడవ శతాబ్దపు రామోన్ ల్యుల్ నాటినుండి, 'ఎల్' వర్గమునే వాడిరి. ఇంట 'సా', పుస్తకమున 'లా' యను మర్యాద యుండెను. ఆ మర్యాదను అల్కొవేరు గారు కథలలో దాటిరి. రాజకుమారుడును, రాక్షసుడును, పేదవిధవయు ఒకే పలుకు పలుకుదురు. చదువరికి వినికిడి కలుగును. అదియే ఆ గ్రంథమునకు ప్రాణము.

దోషమును చెప్పకుండుట విమర్శ కాదు. అల్కొవేరు గారు విన్నది విన్నట్లు వ్రాయలేదు. ఒకే కథను పలువురి నోట విని, ఇచట నొకటి అచట నొకటి యెత్తి, తమ నేర్పుతో కలిపి మఱల చెప్పిరి. జానపదవాఙ్మయమును శాస్త్రముగా పరిశీలించువారికి ఇది లోటు. చెప్పినది ఏ ముసలమ్మ, చేర్చినది ఏ గురువు అని విడదీయుట దుర్ఘటము. ఒక్కొక్కచోట సామెత మీద సామెత, జాతీయము మీద జాతీయము కుప్పపోయుట చూచినచో, ఇది కథకుని ఉత్సాహమా, నిఘంటుకారుని ఆశయా యని మాకు సందేహము కలిగెను. కథయను సంచిలో మాటలను కూరి దాచుకొన్నట్లున్నది. అయినను సాహిత్యముగా చూచినచో ఆ కుప్పయే దాని సిరి.

1901లో ఆయన దేశమంతటికి ఆహ్వానలేఖ యొకటి పంపిరి. కటలాను పలుకబడు ప్రతి యూరినుండియు మాటలు పంపుడు, నిఘంటువు కట్టుదమని దాని సారము. గురువులు, ఉపాధ్యాయులు, వైద్యులు, గృహిణులు చీటీలు వ్రాసి పంపిరి. ఆయనయు ఊరూర తిరిగి క్రియారూపములను స్వయముగా అడిగి వ్రాసికొనెను. 1906లో బార్సెలోనాలో జరిగిన మొదటి అంతర్జాతీయ కటలాను భాషా మహాసభకు అధ్యక్షుడాయనయే. కాని 1913లో వర్ణక్రమ నియమములను, 1918లో వ్యాకరణమును పొంపెయు ఫాబ్రా గారు కూర్చునప్పటికి ఇరుపక్షములకు చెడెను. ఫాబ్రా ఇంజనీరు, భాషకు ఒక తిన్నని బాట వేయదలచెను. ఆ బాట బార్సెలోనా వాకిటినుండి బయలుదేరెను. దీవి గురువునకు అది సహింపలేదు. 1918లో ఆయన కటలాను అధ్యయన సంస్థతో తెగతెంపులు చేసికొని, కటువుగా వ్రాసి, ఒంటరియై దీవికి తిరిగెను. ఆ వ్రాతలలో న్యాయమును గలదు, కోపమును గలదు, కోపమే మిక్కిలి. భాషకు వ్రాతలో ఒక్క కట్టుబాటు కావలెనన్న ఫాబ్రా మాట సత్యము. దానిని ఆయన చూడనొల్లకుండుట లోపమని మా యభిప్రాయము.

ఆ లోపమును దిద్దినవాడు మోల్. ఆయన 1903లో మెనోర్కాలోని సియుతదేయాలో పుట్టెను. ఇరువదేండ్లు నిండకముందే అల్కొవేరు గారికి సహాయుడయ్యెను. నిఘంటువు మొదటి భాగము 1926లో వెలువడెను. 1932లో గురువు గతించెను. 1936 మొదలు 1939 వఱకు అంతర్యుద్ధము. పిమ్మట ఫ్రాంకో నియంతృత్వము. బడియందును కార్యాలయమందును కటలాను నిషిద్ధమయ్యెను. అట్టి దినములలో మోల్ గారు చీటీల పెట్టెలను కాచికొని, వలెన్సియావాడగు మనువేల్ సాంచిస్ గ్వార్నేర్ సాయముతో, 1962లో పదియవ సంపుటమును ముగించిరి. గురువు తన సొంత వర్ణక్రమమున వ్రాసిన తొలి సంపుటములను ఫాబ్రా వర్ణక్రమమునకు మార్చిరి. గురుద్రోహమని యెవరైన ననవచ్చును. మేమట్లనము. గురువు కూర్చిన మాటలను నిలుపుటకు గురువు పట్టిన పంతమును విడిచెను.

ఈ నిఘంటువులో ఒక్క మాటను తీసి చూడుడు. అర్థము, పూర్వగ్రంథములనుండి ప్రయోగము, ఏ యే యూళ్లలో నే యర్థమున వాడుదురను వివరము, ఊరూరి యుచ్చారణ, సామెతలు, పనిముట్టైనచో బొమ్మ, తుదకు వ్యుత్పత్తి. బార్సెలోనా యుచ్చారణ అక్కడ పలువానిలో నొకటి మాత్రమే. బాలుని 'నోయ్' అని బార్సెలోనావాడును, 'అల్లోత్' అని మయోర్కావాడును అనును. కుక్కను ఒకడు 'గోస్' అనును, మఱియొకడు 'కా' అనును. పిల్లి 'గాత్', 'మోష్'. ఒకదానికి సింహాసనము, మఱియొకదానికి చాప వేయలేదు. 'గ్రామ్యము' అను ముద్రవేసి వెలివేయుటకు అలవాటుపడిన మన నిఘంటుకారులు ఈ పుటలను తప్పక చూడవలెను. అల్కొవేరు గారికి ఒక్క సంవత్సరము చిన్నవారైన మన గిడుగు రామమూర్తి పంతులు గారు (1863-1940) సవరల పల్లెలకు పోయి వారి పలుకునకు వ్యాకరణము కూర్చిన సంగతి పాఠకులకు స్మరణకు రాకమానదు. ఒక్క భేదము కలదు. ఇక్కడి పోరు పండితులతోనే; అక్కడ పండితుల వెనుక వేఱుభాష గల రాజ్యమును నిలిచియుండెను.

ఆ భేదమును మఱచినందుననే దీవులలో పిమ్మట నొక పెడవాదము పుట్టెను. 1972లో పాల్మా దినపత్రికయొకదానిలో 'పెప్ గొనేయా' యను మాఱుపేరుతో నొకరు లేఖలు వ్రాసిరి. మన 'సా'ను బార్సెలోనా 'లా' మ్రింగుచున్నది, మన భాష కటలాను కాదు, వేఱు భాష యని వారి వాదసారము. మోల్ గారు ఓపికతో జవాబులు వ్రాసిరి. అదే సంవత్సరము అవి పుస్తకమయ్యెను. 'సా'కై జీవితము ధారపోసినవానికే 'సా'ను కాపాడుట నేర్పబోవుట చూడ మాకు నవ్వు వచ్చుచున్నది. కాని ఆ లేఖలు వ్రాసినవారి బాధ యంతయు బూటకమని చెప్పజాలము. తల్లి యింట పలికిన మాటను బడిలో తప్పని కొట్టివేసినపుడు పిల్లవానికి కలుగు చిన్నతనము మేము ఇరువదేండ్లుగా తరగతిలో చూచుచున్నాము. ఒక ఉపాధ్యాయుడు 'వచ్చిండు' అని వ్రాసిన బాలుని నోటుపుస్తకమును ఎఱ్ఱసిరాతో నింపుట చూచి మేము వారించితిమి. ఆ బాధకు మందు వేఱు భాషను కల్పించుట కాదు. అట్లు చీలినచో దీవులలోని కొద్దిమంది తమ గ్రంథములనుండి, అచ్చునుండి, తోడి కోటిమంది చదువరులనుండి తామే వేఱుపడి స్పానిషు నోటికి సులభమైన కబళమగుదురు.

మందు ఏదో మోల్ గారు 1968 నాటి తమ వ్యాకరణములో చూపిరి. అది దీవులను ప్రత్యేకముగా దృష్టిలో నుంచుకొని వ్రాసిన కటలాను వ్యాకరణము. 'కాంత్', 'కంతామ్' లు తప్పులు కావు, నిర్భయముగా వ్రాయుడు. శాస్త్రగ్రంథమున 'ఎల్', 'లా' వాడుడు. కథలోను, ఉత్తరములోను, ఇంటి మాటలోను 'ఎస్', 'సా' లుండుగాక. 1983లో దీవులకు స్వపరిపాలన శాసనము వచ్చినపుడు, కటలాను తమ సొంతభాష యనియు, దాని ద్వీపభేదములు భాషైక్యమునకు భంగము లేకుండ అధ్యయనమునకును రక్షణకును పాత్రములనియు అందు వ్రాసిరి. 2016లో కటలాను అధ్యయన సంస్థ ప్రకటించిన వ్యాకరణమును దీవుల క్రియారూపములను గౌరవించెను. అల్కొవేరు గారు తలుపు విసరి వెడలిన సంస్థ యదియే.

ఈ సర్దుబాటునందును మాకొక యసంతృప్తి కలదు. శాస్త్రమునకు 'లా', ముచ్చటకు 'సా' యను విభజన ఎంత సౌమ్యముగా చెప్పినను, ఇంటిమాట గంభీరవిషయమునకు చాలదను తలంపును పిల్లల మనసులో నాటకమానదు. రాజునకు 'ఎల్', సూర్యునకు 'ఎస్' అని విచక్షణతో పలికిన నాలుకకు వ్యాసము వ్రాయు శక్తి లేదనుట ఎట్లు? దీనిని మోల్ గారు పూర్తిగా విచారింపలేదు. ఆయన కుమార్తె ఐనా మోల్ (1930-2019) నిఘంటువునకు తోడ్పడిన విదుషి. 1980లో కటలోనియా ప్రభుత్వమున భాషావిధాన శాఖకు మొదటి అధిపతిగా ఆమెను నియమించిరి. బార్సెలోనా భాషను దిద్దు పీఠమున మెనోర్కా ఆడుబిడ్డ కూర్చుండెను. అల్కొవేరు గారు చూచియున్నచో ఏమనియుందురో!

ఆ కథలను మోల్ గారు ఇరువదినాలుగు చిన్న సంపుటములుగా మఱల అచ్చువేసిరి. నియంతృత్వపు దినములలోనే మయోర్కా రేడియోలో వానిని తామే చదివి వినిపించిరి కూడ. స్పానిషు తప్ప మఱియొక భాష బడిలో నేర్పగూడని ఆ కాలమున, 'ఎస్', 'సా' లు రేడియోపెట్టెనుండి వంటయిండ్లలోనికి వచ్చినవి.